వెనక వరుస దాకా మాట: వాల్వుల కాలంలో బాస్, ట్రెబుల్ చరిత్ర

సంచికకు ఏదైనా రాసివ్వమని సంఘం మిత్రులు ఫోన్ చేసినప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చింది మన హెడ్మాస్టరు గదిలో బీరువా పక్కనుండే మైకుసెట్టు. 1980లలో బడిలో ఉన్నవాళ్లెవరూ దాన్ని మరిచిపోయి ఉండరు. బూడిద రంగు ఇనుప డబ్బా, పైన గాలి ఆడేందుకు చిల్లుల మూత, ఆ చిల్లుల్లోంచి కనిపించే ఎర్రటి వెలుగు. స్విచ్చి వేసిన వెంటనే పలికేది కాదు. లోపలి వాల్వులు వేడెక్కడానికి అర నిమిషం పట్టేది. ప్రార్థనకు నిలబడిన మనమంతా ఆ అర నిమిషం గుసగుసలాడుకునేవాళ్లం. డ్రిల్లు మాస్టరు "హలో, మైక్ టెస్టింగ్" అన్నాక నోళ్లు మూతపడేవి.

శ్రీశైలం ఆనకట్టకు 1963 జులైలో నెహ్రూ శంకుస్థాపన చేశారు. ఆ రోజుల్లో మన దేశంలో రేడియో అన్నా, మైకుసెట్టు అన్నా వాల్వులదే రాజ్యం. మన సెట్టు కూడా ప్రాజెక్టు పనులు జరిగే కాలంలో కొన్నదేనని సార్లు చెప్పేవారు. నేను పదో తరగతికి వచ్చేసరికి, అంటే 1985 నాటికి, బయట అంతా ట్రాన్సిస్టర్ సెట్లు వచ్చేశాయి. మనది మాత్రం ఇంకా గాజుబుడ్ల సెట్టే. దాని ముందు మూడు నాబులు ఉండేవి. ఒకటి వాల్యూం. మిగతా రెండు బాస్, ట్రెబుల్. ఈ వ్యాసం ఆ రెండు నాబుల గురించి. వాటి విషయంలో నేను చేసిన ఒక తప్పు గురించి కూడా.

ఆ ఏడు మన తెలుగు సారు పదవీ విరమణ సభ జరిగింది. రేడియోలు విప్పి చూసే పిచ్చి ఉన్నవాడినని మైకుసెట్టు నాకు అప్పగించారు. ముందురోజు సాయంత్రం పాటల రికార్డు పెట్టి బాస్ నాబును చివరిదాకా తిప్పాను. మద్దెల మోత గుండెల్లో తగిలింది. స్నేహితులంతా శభాష్ అన్నారు. మర్నాడు సభకూ నాబును అక్కడే ఉంచేశాను. సారు మైకును నోటికి దగ్గరగా పెట్టుకుని అరగంట పైగా మాట్లాడారు. ముందు వరుసలో కూర్చున్న పెద్దలు తలలూపుతూ విన్నారు. వెనక చింతచెట్టు కింద నిలబడిన పిల్లల తల్లిదండ్రులకు, ప్రాజెక్టు పనివాళ్లకు మాత్రం గుమ్ గుమ్మనే మోత తప్ప మాట అందలేదు. వాళ్లు కాసేపు చూసి ఒక్కొక్కరే వెళ్లిపోయారు.

మర్నాడు సారు నన్ను పిలిచారు. కోప్పడలేదు. "ముందు కూర్చున్నోళ్లకు మైకు లేకపోయినా నేను ఇనపడతాను గదరా. మైకు పెట్టింది వెనకోళ్ల కోసం" అన్నారు, అంతే. ఆ మాట నాకు బెత్తం దెబ్బ కన్నా గట్టిగా తగిలింది. సారు ఇప్పుడు లేరు. ఆ ప్రసంగాన్ని ఎవరూ టేపు చేయలేదు. తర్వాత ఇంజనీరునై, శబ్దం పనిలోనే ముప్పై ఏళ్లు గడిపాను. బాస్, ట్రెబుల్ నాబుల చరిత్ర చదివే కొద్దీ నాకు తెలిసిందేమిటంటే, ఆ నాబులు పుట్టింది పాటను గంభీరం చేయడానికి కాదు. దూరాన ఉన్నవాడికి మాట అర్థం కావడానికి. సారు ఒక్క వాక్యంలో చెప్పింది అదే.

సమానం చేసే యంత్రం

ఈక్వలైజర్ అంటే సమానం చేసేది. ఏది దేనితో సమానం కావాలి? ఈ ప్రశ్న మొదట వచ్చింది టెలిఫోను కంపెనీలకు. మనిషి గొంతులో సెకనుకు వంద కంపనాల మంద్ర శబ్దం నుంచి కొన్ని వేల కంపనాల తార శబ్దం దాకా అన్నీ కలిసి ఉంటాయి. సెకనుకు ఒక కంపనాన్ని ఒక హెర్ట్జ్ అంటాం. పొడవాటి తీగలో వీటన్నిటికీ ఒకే న్యాయం జరగదు. మంద్ర శబ్దాలు ఫరవాలేదనిపించేలా చేరతాయి. పై శబ్దాలు మాత్రం దారిలోనే నీరసించిపోతాయి. అవతలి వ్యక్తికి దుప్పటి కప్పుకుని మాట్లాడుతున్నట్టు వినిపిస్తుంది.

పై శబ్దాలు పోతే ఏం పోతుందో తెలుగులో చూపించడం తేలిక. పాలు, కాలు, తాలు, చాలు. ఈ నాలుగు మాటల్లో దీర్ఘంగా పలికే ఆకారం ఒక్కటే. గొంతులోని శక్తిలో ఎక్కువ భాగం అచ్చులదే, అది మంద్ర శబ్దాల్లో ఉంటుంది. పా, కా, తా, చా అని తేడా చెప్పేది క్షణకాలం మెరిసే హల్లు. దాని ఆనవాళ్లలో చాలాభాగం 1,000 హెర్ట్జ్ పైన, ముఖ్యంగా 2,000 నుంచి 4,000 మధ్య ఉంటాయి. అవి పోతే నాలుగు మాటలూ "ఆలు" అయిపోతాయి. నేను బాస్ పెంచిన రోజున జరిగింది ఇదే. అచ్చులు ఉప్పొంగి హల్లులను ముంచేశాయి.

దీనికి మందు కనుక్కోవడానికి రెండు వస్తువులు కలవాల్సి వచ్చింది. మొదటిది వాల్వు. 1904లో ఇంగ్లండులో ఫ్లెమింగ్ రెండు ఎలక్ట్రోడ్ల వాల్వు చేశాడు. 1906లో అమెరికాలో లీ డి ఫారెస్ట్ దానిలో గ్రిడ్ అనే మూడోదాన్ని చేర్చాడు. దాంతో బలహీనమైన సిగ్నలును పెద్దది చేయడం సాధ్యమైంది. 1915లో న్యూయార్కు నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు మాట చేరింది దారిలో పెట్టిన వాల్వు ఆంప్లిఫయర్ల బలంతోనే. రెండోది ఫిల్టరు. దాదాపు అదే కాలంలో అమెరికాలో జార్జ్ క్యాంప్‌బెల్, జర్మనీలో కార్ల్ విల్లీ వాగ్నర్ ఎవరి దారిన వాళ్లు తీగచుట్టలను, కండెన్సర్లను వరుసగా కలిపి, కావలసిన కంపనాలను పోనిచ్చి మిగతావాటిని ఆపే సర్క్యూట్లు కనిపెట్టారు. 1920లలో ఆటో జోబెల్ వాటికి పక్కా లెక్కలు కట్టాడు.

ఇక్కడ ఒక చిత్రమైన సంగతి ఉంది. తీగచుట్ట, కండెన్సరు, రెసిస్టరు కలిపి చేసిన మామూలు ఈక్వలైజరు సిగ్నలుకు బలాన్ని కలపలేదు, తీసివేయడమే దానికి తెలుసు. మన ఆళ్లగడ్డ శిల్పులను చూసినవాళ్లకు ఇది వింతగా తోచదు. శిల్పి రాతికి ఏమీ అతికించడు. అక్కరలేనిది చెక్కేస్తాడు, ముక్కు పైకి వచ్చినట్టు కనిపిస్తుంది. టెలిఫోను ఈక్వలైజరు కూడా అంతే. నీరసించిన పై శబ్దాలను లేపలేదు కాబట్టి, బలంగా ఉన్న మంద్ర శబ్దాలను వాటి స్థాయికి దించుతుంది. అందరూ సమానమయ్యాక, మొత్తాన్నీ ఒకేసారి పైకి లేపే పని వాల్వుది. చెక్కేది ఫిల్టరు, లేపేది వాల్వు. తర్వాత వచ్చిన బాస్, ట్రెబుల్ నాబులన్నిటికీ ఈ జంటే పునాది.

వాల్వు బలం, బలహీనత

ఈ జంటను కాపురం చేయించడం ఇంజనీరు పని. దానికి వాల్వు స్వభావం తెలియాలి. 1940ల చివర్లో వచ్చి ప్రపంచమంతా పాకిన ఒక వాల్వును ఉదాహరణగా తీసుకుందాం. అమెరికాలో 12ఏఎక్స్7 అన్నారు, యూరప్‌లో, మన దేశంలో ఈసీసీ83 అన్నారు. చిటికెన వేలంత గాజుబుడ్డిలో రెండు ట్రయోడులు ఉంటాయి. వేడెక్కిన కేథోడ్ నుంచి ఎలక్ట్రాన్లు బయలుదేరి, రెండు మూడు వందల వోల్టుల ప్లేటు వైపు పరుగెడతాయి. మధ్యలో గ్రిడ్ కాలువ తూములాగా ఉంటుంది. తూము కొంచెం ఎత్తితే నీళ్లు ఎంతో మారినట్టు, గ్రిడ్ మీద కొద్ది వోల్టేజి మారితే ప్లేటు దగ్గర దానికి సుమారు 60 రెట్లు మారుతుంది.

గ్రిడ్ కరెంటును దాదాపు తాగదు. ఇది వాల్వు గొప్ప గుణం. అందువల్ల దాని ముందు లక్షల ఓముల రెసిస్టర్లు, చిన్న కండెన్సర్లు పెట్టి చవకగా ఫిల్టర్లు కట్టవచ్చు. ప్లేటు వైపు చూస్తే వ్యవహారం వేరు. అక్కడి నుంచి వచ్చే సిగ్నలుకు వెనక సుమారు 40 వేల ఓముల అడ్డు ఉంటుంది. దాని మీద బరువైన ఫిల్టరును మోపితే సిగ్నలు కుంగిపోతుంది, మనం కాగితం మీద వేసిన లెక్క తప్పుతుంది. అందుకే వాల్వు సర్క్యూట్లలో బాస్, ట్రెబుల్ నాబులు ఐదు లక్షల ఓములు, పది లక్షల ఓములు ఉంటాయి. తర్వాతి ట్రాన్సిస్టర్ సెట్లలో ఇవి వేలల్లోకి దిగాయి. పాత సెట్టు బాగుచేసేటప్పుడు కొత్త సెట్టు నాబు తెచ్చి వేస్తే పనిచేయకపోవడానికి కారణం ఇదే.

వాల్వు తనంతట తానే ఫిల్టరుగా మారే సందర్భమూ ఉంది. గ్రిడ్‌కు, ప్లేటుకు మధ్య రెండు పికోఫారడ్ల లోపు కెపాసిటీ ఉంటుంది. చూడబోతే ఏమీ కాదు. కానీ ప్లేటు 60 రెట్లు ఎదురుగా ఊగుతుంది కాబట్టి, గ్రిడ్‌కు అది 100 పికోఫారడ్లలా కనిపిస్తుంది. దీన్ని 1920 ప్రాంతంలో వివరించిన మిల్లర్ పేరు మీదే మిల్లర్ ఎఫెక్ట్ అంటారు. పది లక్షల ఓముల వాల్యూం నాబు సగంలో ఉంటే గ్రిడ్ ముందు రెండున్నర లక్షల ఓములు ఉన్నట్టు లెక్క. ఈ రెండూ కలిసి 6,000 హెర్ట్జ్ పైన శబ్దాలను కోసేయడం మొదలుపెడతాయి. ఎవరూ పెట్టమనకుండానే ట్రెబుల్ తగ్గిపోయింది. వాల్వుల కాలపు ఇంజనీరు కనిపించే కండెన్సర్లతో పాటు ఇలా కనిపించని కండెన్సర్లనూ లెక్కలో వేసుకోవాల్సి వచ్చేది.

పాటకు పెద్దది, మాటకు చిన్నది

ఇవేవీ నాకు పదో తరగతిలో తెలియవు. పరీక్షలయ్యాక ఆ ఎండాకాలం నంద్యాలలో మేనమామ ఇంట్లో ఉండి, ఒక రేడియో రిపేరు షాపులో కూర్చునేవాణ్ణి. షాపు నడిపే అన్న పెద్దగా చదువుకోలేదు. చేతిలో సాల్డరింగ్ ఐరన్ ఉంటే మాత్రం ప్రొఫెసరే. పల్లెల్లో తిరునాళ్లకు, పెళ్లిళ్లకు అద్దెకిచ్చే మైకుసెట్లు అతని దగ్గరికి వచ్చేవి. నా సభ గోడు అతనితో చెప్పుకున్నాను. అతను నవ్వి, ఒక సెట్టు తిరగేసి, "ఈ స్విచ్చి చూడు అబ్బీ. పాటకు పెద్ద కండెన్సరు, మాటకు చిన్న కండెన్సరు" అన్నాడు.

ఆ ఒక్క స్విచ్చిలో ఫిల్టరు పాఠమంతా ఉంది. ఒక వాల్వు ప్లేటు నుంచి తర్వాతి వాల్వు గ్రిడ్‌కు సిగ్నలు ఒక కండెన్సరు గుండా పోతుంది. ఆ కండెన్సరూ, గ్రిడ్ దగ్గరి రెసిస్టరూ కలిసి మంద్ర శబ్దాలను ఆపే ఫిల్టరవుతాయి. ఎక్కడ ఆపడం మొదలవుతుందో తెలియాలంటే, కండెన్సరు విలువను రెసిస్టరు విలువతో, ఆపైన 6.28తో గుణించి, ఒకటిని ఆ లబ్ధంతో భాగించాలి. 4,70,000 ఓములకు 0.01 మైక్రోఫారడ్ పెడితే జవాబు సుమారు 34 హెర్ట్జ్. మద్దెల, డోలు అన్నీ దర్జాగా పోతాయి. అదే చోట 0.001 పెడితే సుమారు 340 హెర్ట్జ్. ఆ గీత దగ్గర వోల్టేజి 70 శాతానికి తగ్గుతుంది. బాగా కిందికి పోయాక, కంపనాలు సగమైనప్పుడల్లా వోల్టేజీ సగమవుతూ పోతుంది. గొంతులో గంభీరం తగ్గుతుంది, హల్లులు మాత్రం మిగులుతాయి. టెలిఫోనులో చాలాకాలం పాటు మాటకు 300 నుంచి 3,400 హెర్ట్జ్ చాలనుకోవడానికి ఆధారం ఇదే.

చెట్టుకు కట్టే హారన్ల విషయంలో ఈ స్విచ్చి ఇంకా అవసరం. హారన్ గొట్టం తన పరిమాణాన్ని బట్టి ఒక హద్దు కింద శబ్దాన్ని గాలిలోకి సరిగా నెట్టలేదు. మామూలు హారన్లకు ఆ హద్దు రెండు మూడు వందల హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. అంతకన్నా మంద్ర శబ్దాన్ని పంపితే అది బయటికి రాదు, లోపలి పల్చటి డయాఫ్రం మాత్రం ఉత్తినే ఊగి ఊగి తెగిపోతుంది. ఆంప్లిఫయర్ బలమూ వృథా. మన శ్రీశైలంలో శివరాత్రికి, ఉగాదికి తెలుగు, కన్నడ, మరాఠీ భాషల వాళ్లు కలిసి వచ్చే జనసముద్రంలో తప్పిపోయిన పిల్లవాడి పేరు మైకులో చెబుతారు. ఆ పేరు తల్లికి అర్థం కావాలి. అక్కడ గంభీరమైన గొంతుతో పని లేదు. ఆ పేరులోని హల్లులు చేరితే చాలు.

బాక్సండాల్ నాబులు

స్విచ్చితో రెండే రకాలు. కావలసినంత పెంచుకుని, కావలసినంత తగ్గించుకునే నాబు కావాలంటే? తొలి సెట్లలో టోన్ అనే ఒక్క నాబు ఉండేది, అది ట్రెబుల్‌ను కోసేది, అంతే. తర్వాత బాస్‌కు, ట్రెబుల్‌కు వేరు వేరు నాబులు వచ్చాయి. ఇవి శిల్పి పద్ధతివే. ముందుగా మొత్తం సిగ్నలును పదో వంతుకు, అంటే 20 డెసిబెల్స్ దించుతారు. నాబును పెంచినప్పుడు జరిగేది, ఆ దించడాన్ని ఒక వైపున మాత్రం సడలించడం. పోయిన పది రెట్లనూ వెనకాల మరో వాల్వు తిరిగి ఇస్తుంది.

స్టూడియోల వాళ్లు ఇంకా సూక్ష్మంగా దిద్దుకోవడానికి తీగచుట్టలు వాడారు. ఒక హెన్రీ చుట్టను 0.01 మైక్రోఫారడ్ కండెన్సరుతో కలిపితే 1,600 హెర్ట్జ్ దగ్గర ఆ జంట పలుకుతుంది. ఆ ఒక్క చోటును లేపవచ్చు, దించవచ్చు. 1951లో అమెరికాలో వచ్చిన పల్టెక్ ఈక్వలైజరు ఇలాంటిదే. చుట్టలూ కండెన్సర్లూ ముందు చెక్కేస్తాయి, వెనక వాల్వులు పోయిన బలాన్ని తిరిగిస్తాయి. దాని పేరు చెబితే రికార్డింగ్ వాళ్లు నేటికీ చెవులు రిక్కిస్తారు. అయితే చుట్టతో ఒక తంటా ఉంది. పక్కనున్న పవర్ ట్రాన్స్‌ఫార్మర్ అయస్కాంత బలాన్ని అది పట్టేస్తుంది. నేను ఇంజనీరింగు చదివేటప్పుడు కట్టిన మొదటి ఈక్వలైజరులో పాట కన్నా 50 హెర్ట్జ్ గుర్రు ఎక్కువ వినిపించింది. చుట్టను ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగా జరిపి, అడ్డంగా తిప్పి పెట్టాక గాని తగ్గలేదు.

చుట్ట లేకుండా పని జరిగే దారి మరో ఆలోచన నుంచి వచ్చింది. 1927 ఆగస్టు 2 ఉదయం హెరాల్డ్ బ్లాక్ అనే టెలిఫోను ఇంజనీరు హడ్సన్ నది మీద పడవలో ఆఫీసుకు వెళ్తూ, చేతిలో ఉన్న న్యూయార్క్ టైమ్స్ పేజీ మీద ఒక బొమ్మ గీశాడు. ఆంప్లిఫయర్ బయటికిచ్చే సిగ్నలులో కొంత భాగాన్ని తిరగేసి మళ్లీ లోపలికి పంపడం. దీన్ని నెగెటివ్ ఫీడ్‌బ్యాక్ అంటాం. బలం కొంత తగ్గుతుంది గానీ, వాల్వు ముసలిదైనా, కరెంటు హెచ్చుతగ్గులైనా శబ్దం నిలకడగా, శుభ్రంగా ఉంటుంది. తిరిగి పంపే దారిలో ఫిల్టరు పెడితే ఇంకో విశేషం. ఆ దారిలో ఏ శబ్దం ఎక్కువగా వెనక్కి పోతే అది తగ్గుతుంది, ఏది వెనక్కి పోకుండా ఆగితే అది పెరుగుతుంది.

ఈ విశేషాన్ని నాబుగా మార్చినవాడు ఇంగ్లండు ఇంజనీరు పీటర్ బాక్సండాల్. 1952 అక్టోబరు వైర్‌లెస్ వరల్డ్ పత్రికలో తన సర్క్యూట్‌ను అచ్చువేశాడు. ఒకే ఒక్క వాల్వు, దాని ముందుకూ వెనక్కూ ఫిల్టర్లు, రెండు నాబులు. నాబు నడిమధ్యన ఉంటే శబ్దం దేన్నీ మార్చకుండా పోతుంది. ఒక వైపు తిప్పితే ఎంత పెరుగుతుందో రెండో వైపు అంతే తగ్గుతుంది. చవక, శుభ్రం. అందరికీ దొరికే పత్రికలో ఉంది కాబట్టి దేశదేశాల్లో సెట్లు చేసేవాళ్లు దాన్నీ దాని రూపాంతరాలనూ వాడుకున్నారు. వాల్వులు పోయి ట్రాన్సిస్టర్లు వచ్చినా, ఐసీలు వచ్చినా సర్క్యూట్ పేరు మారలేదు. ఇంట్లో ఆంప్లిఫయర్ మీద బాస్ నాబు తిప్పిన ప్రతివారూ ఆయన్ను తెలియకుండానే పలకరించినట్టే.

1955లో అమెరికాలో శాలెన్, కీ అనే ఇద్దరు, రెసిస్టర్లు, కండెన్సర్లు, వాటి మధ్య బలమిచ్చే వాల్వులతో చుట్టలేని నిటారైన ఫిల్టర్లు కట్టే పద్ధతిని లెక్కలతో సహా ప్రకటించారు. ఈనాడు ఎలక్ట్రానిక్స్ విద్యార్థులు ఐసీతో చేసే శాలెన్-కీ ప్రయోగం మొదట వాల్వుల కోసం పుట్టిందే.

మద్రాసు, కడప, బెంగళూరు

ఇదంతా ఎక్కడో సముద్రాల అవతలి సంగతి అనుకోనక్కరలేదు. మన చెవుల్లో పడ్డ పాత శబ్దాలన్నీ ఈ దారిన వచ్చినవే. ముందు గ్రామఫోను సంగతి. రికార్డు మీద గాడి కోసేటప్పుడు బాస్‌ను అలాగే ఉంచితే గాడి పక్క గాడిలోకి ఒరుసుకుపోతుంది. అందుకని కోసేటప్పుడు బాస్ తగ్గించి, ట్రెబుల్ పెంచుతారు. పాడించేటప్పుడు ఆంప్లిఫయర్ సరిగ్గా దీనికి విరుద్ధం చేయాలి. ఒక్కో కంపెనీది ఒక్కో లెక్కగా ఉండేది. 1954లో అమెరికా రికార్డు కంపెనీలు ఒక ఉమ్మడి లెక్కకు వచ్చాయి, క్రమంగా ప్రపంచమంతా దాన్నే అనుసరించింది. ట్రెబుల్ తగ్గించేటప్పుడు సూది గీకే శబ్దమూ దాంతోపాటే తగ్గడం దీనిలో లాభం.

సినిమాలో శబ్దాన్ని ఫిల్ము అంచున వెలుగు గీతగా అచ్చువేసేవారు. ఆ గీతలో పైన ఉండే బుసబుస వినపడకుండా, హాల్లో పై శబ్దాలను కోసేసే ఒక ప్రమాణాన్ని 1938లో హాలీవుడ్ అకాడమీ పెట్టింది. 5,000 హెర్ట్జ్ దగ్గరికి వచ్చేసరికే దాదాపు 10 డెసిబెల్స్ పోయేవి. సంభాషణలకు బాస్ తగ్గించడం కూడా అప్పుడే అలవాటైంది. దానికి కారణం మన చెవి. మామూలు గొంతును దాని సహజ స్థాయి కన్నా పెద్దగా వినిపిస్తే, చెవికి బాస్ ఇంకా ఎక్కువగా తోస్తుందని 1933లో ఫ్లెచర్, మన్‌సన్ కొలిచి చెప్పారు. మైకు పెట్టి గొంతు పెంచామంటే బాస్ తగ్గించాలని అర్థం. మన సభలో నేను చేసింది సరిగ్గా తలకిందులు.

సినిమాల్లో ఈ విద్య మన సీమవాళ్ల చేతికీ వచ్చింది. కడప జిల్లా బి.ఎన్. రెడ్డి, తాడిపత్రి మూలా నారాయణస్వామి వంటివారు మద్రాసులో నిలబెట్టిన వాహినీ స్టూడియో దక్షిణ భారతానికే పేరు తెచ్చింది. 1957లో వచ్చిన మాయాబజార్‌కు శబ్దగ్రహణం చేసినవారు ఎ. కృష్ణన్, శివరాం. ఆ కాలపు శబ్ద యంత్రాలన్నీ వాల్వులతో నడిచేవే. ఎస్వీ రంగారావు గొంతులోని గంభీరమూ నిలవాలి, ఆయన పలికిన ప్రతి అక్షరమూ టూరింగ్ టాకీసు నేల తరగతి దాకా పోవాలి. ఈ రెండిటి మధ్య తూకం చూడటమే ఆ యంత్రాల ముందు కూర్చున్నవాళ్ల విద్య. నేటికీ ఆ సంభాషణలు జనం నోట ఉన్నాయంటే అందులో వాళ్ల పాలూ ఉంది.

డెసిబెల్ లెక్కల మీద వి.వి.ఎల్. రావు గారు రాసిన ఇంగ్లీషు పుస్తకం 1940లలో మద్రాసు నుంచి వచ్చి, 1946లో అమెరికాలోని బ్రూక్లిన్‌లోనూ అచ్చయింది. అప్పటికి మనకు స్వాతంత్ర్యమే రాలేదు. వాల్వులు కూడా విదేశాల నుంచి తెప్పించుకోవలసినవే. 1954లో బెంగళూరులో నెలకొల్పిన భారత్ ఎలక్ట్రానిక్స్ 1961లో రేడియో వాల్వుల తయారీ మొదలుపెట్టింది. నంద్యాల షాపులో నేను చూసిన చాలా వాల్వుల మీద బీఈఎల్ ముద్ర ఉండేది. మన ఆనకట్టకు శంకుస్థాపన జరిగిన 1963లోనే కడప ఆకాశవాణి కేంద్రం మొదలైంది. మీడియం వేవ్ రేడియోలో ఐదు వేల హెర్ట్జ్ పైన చేరేది తక్కువే. అంత ఇరుకులోనూ వార్తల్లో ఒక్క మాట పోకుండా అర్థమయ్యేది.

ఈసారి

ఇప్పుడు ఫోనులోనే పది పట్టీల ఈక్వలైజరు ఉంది. వాల్వు లేదు, కండెన్సరు లేదు, అంతా అంకెల లెక్క. అయినా తీసివేయాల్సింది ఏమిటి, మిగల్చాల్సింది ఏమిటి అని నిర్ణయించాల్సింది మనమే. పెళ్లి బారాత్ డీజే బాక్సులనే సభకు తెచ్చి, బాస్ అలాగే వదిలేసి, ముఖ్య అతిథి మాట ఎవరికీ అర్థం కాక ముగిసిన సభలు మీరూ చూసే ఉంటారు. నలభై ఏళ్ల కిందట నేను చేసిన తప్పు ఇప్పుడు వేల వాట్లతో జరుగుతోంది.

గత ఏడాది బడికి పోయినప్పుడు ఆ పాత సెట్టు గురించి అడిగాను. స్టోర్ రూంలో విరిగిన బెంచీల కింద దొరికింది. ట్రాన్స్‌ఫార్మర్ బాగానే ఉంది. కండెన్సర్లు ఎండిపోయాయి. వాటిని మార్చి, రెండు వాల్వులు కొత్తవి వేస్తే పలికింది. దాన్ని తూకానికి అమ్మకుండా ఫిజిక్సు ల్యాబులో, పిల్లల చేతికి హై వోల్టేజి తగలకుండా గాజు మూత వేసి ఉంచమని ప్రస్తుత ఉపాధ్యాయులను కోరుతున్నాను. గ్రిడ్, ప్లేటు, కండెన్సరు కళ్లకు కనిపించే యంత్రం నేటి పిల్లలకు ఇంకోటి దొరకదు. ల్యాబులో చెప్పే ఆర్‌సీ సర్క్యూట్ పాఠానికి మన బడి మైకుసెట్టు కన్నా మంచి ఉదాహరణ ఏముంటుంది?

స్వర్ణోత్సవ సభకు మైకు ఏర్పాట్లు చూసే పని నాకు అప్పగించారు. ఒప్పుకున్నాను. రిటైరయిన మన గురువులు ఆ రోజు మాట్లాడతారు. కొందరి గొంతులు ఇప్పుడు సన్నబడ్డాయి. కాబట్టి ముందురోజు సాయంత్రం పాటల రికార్డు పెట్టి పరీక్షించడం ఉండదు. ఒకరు వేదిక మీద నుంచి పాలు, కాలు, తాలు, చాలు అని వరస మార్చి చదువుతారు. మరొకరు మైదానం చివర చింతచెట్టు కింద నిలబడి, విన్నది విన్నట్టు కాగితం మీద రాస్తారు. రెండు కాగితాలూ కలిసేదాకా నాబులు తిప్పుతూనే ఉంటాను. ఆ చివరి మనిషిగా నిలబడటానికి మా బ్యాచ్ వాళ్లెవరైనా ముందుకొస్తే సంతోషం. ఆ రోజు సారు మాట వినకుండానే వెళ్లిపోయిన వాళ్ల పిల్లలు మీలో ఎవరైనా ఉంటే, మరీ సంతోషం.